పాత రాడ్లకు కొత్త పిస్టన్లు

పెట్టె మీదున్న కంపెనీ పేరు ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. మేస్త్రీ దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివి, అట్ట చించి, నూనె కాగితంలో చుట్టిన పిస్టన్లను ఒక్కొక్కటే పైకి తీశాడు. బల్ల మీద పాత బట్ట పరిచి వాటిని వరసగా నిలబెట్టాడు. ఆరున్నాయి. చెయ్యి తగిలితే మాసిపోతాయేమో అన్నంత తెల్లగా మెరుస్తున్నాయి. వాటి పక్కనే కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టిన ఆరు కనెక్టింగ్ రాడ్లు. అవి పాతవి, ఆ బస్సు ఇంజనుతో పాటు వచ్చినవి. ఇంజను చేసిన కంపెనీ ఇప్పుడు ఆ పిస్టన్లు చేయడం మానేసింది. అందుకని వేరే ఎవరో చేసినవి తెప్పించారు. ఏరి కోరి తెప్పించింది ఫోర్‌మన్.

ఫోర్‌మన్ మేస్త్రీకి తోడల్లుడు. వాళ్ళ భార్యలు సొంత అక్కచెల్లెళ్ళు. ఇంట్లో అతను నోరారా "అన్నయ్యా" అంటాడు. షెడ్డులో "మేస్త్రీ గారూ" అంటాడు. మేస్త్రీకి మొదట్లో ఈ ఏర్పాటు బాగానే ఉండేది. ఈ మధ్య ఆ 'గారు' అప్పుడప్పుడూ రాలిపోతోంది. పని ఒత్తిడిలో రాలిపోతోందో, కావాలనే రాల్చేస్తున్నాడో మేస్త్రీ తేల్చుకోలేకపోతున్నాడు.

ముందు పాత పిస్టన్‌ను తూకం వేశాడు, తర్వాత కొత్తదాన్ని. కొత్తది ముప్ఫై రెండు గ్రాములు ఎక్కువ తూగింది. నమ్మబుద్ధి కాక మళ్ళీ వేశాడు. ముప్ఫై రెండే. నిమిషానికి రెండు వేల సార్లు ఆ బరువు పైకి పోయి, ఆగి, కిందికి రావాలి. ప్రతిసారీ దాన్ని ఆపి వెనక్కి గుంజేది ఈ రాడ్డే. రాడ్డును చేసినవాళ్ళు ఆ బరువు లెక్క వేసుకుని చేయలేదు.

తర్వాత పిస్టన్‌నీ రాడ్డునీ కలిపే పిన్ను తీసుకున్నాడు. దాన్ని మైక్రోమీటరులో మూడుచోట్ల కొలిచి, పావు చుట్టు తిప్పి మళ్ళీ మూడుచోట్ల కొలిచాడు. పాతదానికంటే మిల్లీమీటరులో నూరో వంతులు రెండు లావు. రాడ్డు పై కన్నంలో ఉన్న ఇత్తడి రంగు బుష్షులోకి దాన్ని నూనె రాసి తోసి చూశాడు. అంచు దగ్గరే ఆగిపోయింది. ఎండ వేడికి షెడ్డు రేకులు చిటపటమంటుంటే, చేతి వేడికి పిన్ను ఎక్కడ ఉబ్బుతుందోనని బట్టతో పట్టుకుని ఆరింటినీ అలాగే కొలిచాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. సరుకు మాత్రం శుద్ధంగానే చేశారనుకున్నాడు. ఆ మాట పైకి అనలేదు.

షెడ్డులో అతనికి 'మైక్రాన్' అని పేరు పెట్టారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇంజను మూత వేయనివ్వడని. ఆ పేరు వింటే కోపం వచ్చినట్టు కనిపించేవాడు గాని లోపల గర్వంగానే ఉండేది.

మధ్యాహ్నం ఫోర్‌మన్ కాగితాల అట్ట చంకన పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. మేస్త్రీ తను కొలిచినవన్నీ చెప్పాడు. ఆరు బుష్షులూ చేత్తో సాపు చేయాలి. ఆరు పిస్టన్ల బరువూ ఒక్కలా ఉండేట్టు లోపలి వైపు కాస్త అరగదీయాలి. రాడ్లకు ఎక్కడైనా నెరియలున్నాయేమో పరీక్షకు పంపాలి. మూడు రోజులు పడుతుంది. అసలు తననడిగితే ఈ పిస్టన్లు వద్దే వద్దు, పాత సరుకు ఎక్కడైనా దొరుకుతుందేమో ఇంకా వెతకాలి.

ఫోర్‌మన్ అంతా విన్నాడు. బరువు సంగతి తను పిస్టన్ చేసినవాళ్ళతో మాట్లాడాననీ, ఆ ఇంజనుకు నలభై గ్రాముల దాకా ఫరవాలేదనీ అన్నాడు. లెక్క వేసిన కాగితం కూడా చూపించాడు. మేస్త్రీ కాగితం వంక చూడలేదు. కాగితం మీద బస్సులు నడుపుతామా అన్నాడు. అప్పటికి చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. లేత్ మిషన్ దగ్గరుండే ఆయన పని ఆపి మరీ వింటున్నాడు. పైనుంచి మేనేజరు ఉదయం నుంచీ మూడుసార్లు ఫోన్ చేశాడు, బస్సు గురువారం రోడ్డెక్కాలని. ఫోర్‌మన్ అట్ట మీద పెన్నుతో రెండుసార్లు కొట్టాడు.

"మీ మైక్రాన్లు బస్సుని కొండెక్కించవు మేస్త్రీ," అన్నాడు. "బుధవారం మధ్యాహ్నానికి ఇంజను బండిలో ఉండాలి."

మొదట నవ్వింది లేత్ ఆయన. ఆ తర్వాత అందరూ నవ్వారు. అంత పెద్ద నవ్వేం కాదు, ఎండలో పని చేసేవాళ్ళకు ఒక నిమిషం ఆటవిడుపు దొరికితే నవ్వే నవ్వు. ఫోర్‌మన్ కూడా అప్పటికే నాలిక కరుచుకున్నట్టు ముఖం పెట్టాడు గాని, ఆ మాట వెనక్కి తీసుకోకుండా వెళ్ళిపోయాడు. మేస్త్రీ బల్ల వైపు తిరిగి, తుడిచిన పిన్నునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. చెవులు కాలిపోతున్నాయి. ఈ పేరు ఇన్నాళ్ళూ తనకు మర్యాదగా పెట్టారనుకున్నాడు.

మర్నాడు పొద్దుట నుంచీ బుష్షుల పని పట్టాడు. రాడ్డును చెక్క ముక్కల మధ్య వైసులో బిగించి, కన్నాన్ని గీరి పెద్దది చేసే రీమరును బుష్షులో దింపి, రెండు చేతులతో ఒకే నిదానంగా తిప్పాలి. వెనక్కి తిప్పకూడదు, ఆపకూడదు. రాలిన పొట్టు పసుప్పచ్చగా, పిండిలా సన్నగా ఉండాలి. రెండు చుట్లు తిప్పడం, తుడవడం, పిన్ను పెట్టి చూడటం. మళ్ళీ రెండు చుట్లు. బొటనవేలితో నొక్కితే పిన్ను జారాలి. రాడ్డును ఏటవాలుగా పట్టుకుంటే దానంతటది జారిపోకూడదు. ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ చోటు ఏ కొలతబద్దా చెప్పదు, బొటనవేలే చెప్పాలి. మధ్యాహ్నానికి మూడు రాడ్లు అయ్యాయి. మూడింటిలోనూ పిన్ను వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. మామూలు రోజైతే ఆ సంతోషంతో కడుపు నిండేది. ఆ రోజు నిండలేదు.

క్యాంటీన్‌లో లేత్ ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నిన్నటి నవ్వుకు సంజాయిషీ అన్నట్టు తన డబ్బాలోని కూర కొంచెం తీసి మేస్త్రీ పళ్ళెంలో పెట్టాడు. కొత్త పిస్టన్ల ఊసెత్తి, ఇంత పేరున్న కంపెనీలుండగా ఎవరికీ తెలియని ఈ సరుకే ఎందుకు తెచ్చినట్టో అన్నాడు. మేస్త్రీ తల ఎత్తలేదు.

"ఎందుకు తెస్తారు? ఊరికే తెస్తారా?" అన్నాడు.

లేత్ ఆయన నమలడం ఆపాడు. అంటే అని అడిగాడు. మేస్త్రీ నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించాడు.

"కమీషన్ లేకుండా ఎవడు తెస్తాడయ్యా?"

అన్నాక నోట్లో ఏదో చల్లగా అనిపించింది. పళ్ళు నూరుకుంటూ తిరిగిన ఒక రోజు తర్వాత అదే మొదటి సుఖం. బల్ల చివర కూర్చున్న ఇద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. తోడల్లుడే అన్నాక ఇంక అడగడానికేముంది?

సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆ మాట భార్యకు కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

"మీరు చూశారా?"

చూడక్కర్లేదన్నాడు. లోకంలో ఎలా జరుగుతుందో తనకు తెలియదా అన్నాడు.

"చూడకుండా అన్నారా?" అంది.

అతను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేసరికి ఆమె మిగతా బట్టలు మడత పెట్టి, అతని చొక్కా ఒక్కటీ కుర్చీ మీద వదిలేసి లోపలికి పోయింది.

బుధవారం పొద్దున్నే పిస్టన్లు బిగించడం మొదలైంది. వేడినీళ్ళ తొట్టిలో పిస్టన్‌ను కాసేపు ఉంచి తీస్తే లోహం కాస్త వ్యాకోచిస్తుంది. అప్పుడు పిన్ను సుళువుగా దిగుతుంది. పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తు ముందువైపు చూడాలి, రాడ్డు మీది అంకె పక్కకు తిరగాలి. పిన్ను దిగాక అటొకటీ ఇటొకటీ చిన్న ఉక్కు తీగ క్లిప్పులు వస్తాయి. పిస్టన్ లోపలి గాడిలో అవి సరిగ్గా కూర్చుంటే పిన్ను ఎటూ కదలదు. కూర్చోకపోతే పిన్ను పక్కకు జరిగి సిలిండరు గోడను గీకుతుంది. పన్నెండు క్లిప్పులు ఒక చిన్న కవరులో వచ్చాయి.

ఆరో పిస్టన్ దగ్గర ముక్కు పటకారులోంచి ఆఖరి క్లిప్పు ఎగిరింది. టింగుమని ఎక్కడో తగిలిన చప్పుడైంది. అంతే. బల్ల కింద వెతికాడు, తొట్టి వెనక వెతికాడు, అయస్కాంతం కట్టిన కర్రతో కాలువ జాలీ చుట్టూ తడిమాడు. ఇనుప రజను గుత్తులు గుత్తులుగా అంటుకుంది గాని క్లిప్పు దొరకలేదు. గోడ గడియారం పదకొండు దాటింది. కొత్త క్లిప్పు కావాలంటే స్టోర్సుకు చీటీ రాయాలి. చీటీ మీద ఫోర్‌మన్ సంతకం కావాలి. క్లిప్పు పారేశానని ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడాలి.

పాత ఇంజనులోంచి తీసినవి ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. వాటిలోంచి ఒకటి ఏరి, తుడిచి, గాడిలో పెట్టి నొక్కాడు. టిక్కుమంది. గోటితో తిప్పి చూశాడు. కొత్త క్లిప్పులు గోటికి లొంగవు. ఇది తిరిగింది. పాత గాడి సన్నం, దాని తీగా సన్నమే. కొత్త గాడిలో అది వదులు. ఆ సంగతి అతని గోరుకు తెలిసింది, అతనికీ తెలిసింది.

అలా వంగి, గోరు క్లిప్పు మీదే ఉంచి కొంచెంసేపు ఆగాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇలాంటి పని చేయలేదు. ఇంకొకడు చేస్తే పటకారు లాక్కుని తిట్టేవాడు. మైక్రాన్లు బస్సును కొండెక్కించవు కదా, చూద్దాం అనుకున్నాడు. అలా అనుకున్నాడని తర్వాత తనకు తానే ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

అంతలో ఫోర్‌మన్ వచ్చాడు. చేతిలో రెండు టీ గ్లాసులున్నాయి. ఒకటి బల్ల మీద పెట్టి, ఏదో చెప్పబోతున్నట్టు నిలబడ్డాడు. బిగించిన పిస్టన్ల వరస చూశాడు. ఒకదాన్ని ఎత్తి రాడ్డును అటూ ఇటూ ఊపితే అది నూనె పోసిన తలుపులా ఊగింది. అతని ముఖం విచ్చుకుంది. ఆ సంగతేదో చెబుతాడేమోనని మేస్త్రీ ఎదురుచూశాడు.

"అయిందా?" అని మాత్రం అడిగాడు ఫోర్‌మన్.

"అయింది."

టీ అలాగే చల్లారిపోయింది. మధ్యాహ్నానికి ఇంజను బండిలోకి దిగింది. గురువారం బస్సు రోడ్డెక్కింది. డ్రైవరు మొదటి ట్రిప్పు తిరిగి వచ్చి, కొత్త పెళ్ళికొడుకులా పరిగెడుతోందని మెచ్చుకున్నాడు. ఆ క్లిప్పు మార్చాలన్న సంగతి మేస్త్రీకి ఆ రోజు నాలుగైదుసార్లు గుర్తొచ్చింది. శుక్రవారం రెండుసార్లు. శనివారం గుర్తు రాలేదు.

ఆదివారం ఆ బస్సు నలభై మందితో కొండ దారిలో ఎక్కుతూ ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు చక్రాల కింద రాళ్ళు పెట్టించి, జనాన్ని దించి, ఎండలో రెండు గంటలు కూర్చోబెట్టాడు. వాళ్ళలో కంపెనీ యజమాని బంధువు ఒకడున్నాడు. సోమవారం బస్సును తాడు కట్టి లాక్కొచ్చేసరికే షెడ్డంతా గుప్పుమంది.

మేస్త్రీకి ఆ వార్త గేటు దగ్గరే తెలిసింది. నిజం చెప్పాలంటే అతనికి మొదట కలిగింది సంతోషం. చెప్పానా లేదా అన్నట్టు అందరి వంకా చూశాడు. అందరూ అతని వంక అలాగే చూశారు. లేత్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, నీ మాట వినుంటే ఇంత జరిగేదా అన్నాడు. ఆ పూట షెడ్డులో మైక్రాన్ అన్న పేరు మళ్ళీ మర్యాదగా వినిపించింది.

పదింటికి మేనేజరు పిలిచాడు. గదిలో ఫోర్‌మన్ లేడు. మేనేజరు అతన్ని కూర్చోమన్నాడు. ఆ గదిలో మేస్త్రీ కూర్చోవడం అదే మొదలు. పిస్టన్లు వద్దని ముందే చెప్పావట కదా అన్నాడు. చెప్పానన్నాడు మేస్త్రీ. అయినా తెచ్చాడంటే ఏదో ఉండాలి కదా అన్నాడు మేనేజరు. మేనేజరు బల్ల మీద కాగితాలు సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"కమీషన్ తిన్నాడని నువ్వే అన్నావట. బంధువువి, నీకు తెలియకుండా ఉండదు. నిజమేనా?"

ఫ్యాను గాలికి కాగితం మూల లేచి పడుతోంది. నాకు తెలియదు సార్ అంటే చాలు. మూడు మాటలు. కానీ అలా అంటే, తెలియకుండా ఎందుకన్నావని అడుగుతాడు. కూర్చోబెట్టిన కుర్చీలోంచి లేపేస్తాడు.

"అందరూ అనుకునేదే సార్," అన్నాడు మేస్త్రీ.

మంగళవారం ఫోర్‌మన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. కంపెనీ ఇచ్చిన ఇల్లు వారంలో ఖాళీ చేయమన్నారు. అతను షెడ్డులోకి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా తన అల్మరాలోని కొలతల పుస్తకం, కళ్ళజోడు డబ్బా, టీ గ్లాసు సంచిలో వేసుకున్నాడు. వెళ్ళేముందు ఇంజను దగ్గర ఆగి, దాని వంక కాసేపు చూశాడు. దాని పొట్టలో ఏముందో తనకు తెలిస్తే బాగుండునన్నట్టు. గేటు దగ్గర అతని సంచి విప్పి చూశారు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఇంజను విప్పే పని మేస్త్రీకే ఇచ్చారు. బుధవారం ఒక్కడే కూర్చుని విప్పాడు. నూనె దించితే అడుగున వెండి రజను తేలింది. మొదటి సిలిండరు పిస్టన్ బయటికి తీశాడు. గీత లేదు. పిన్ను బొటనవేలికి అంతకుముందెలా జారిందో ఇప్పుడూ అలాగే జారింది. రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది తీశాడు. సిలిండరు గోడలు అద్దాల్లా ఉన్నాయి. రాడ్లు ఒక్కటీ వంగలేదు, నెరియ లేదు. ముప్ఫై రెండు గ్రాములు వాటిని ఏమీ చేయలేదు.

ఆరోది బయటికి రాలేదు. చెక్క మేకు పెట్టి సుత్తితో కొట్టి దించాల్సి వచ్చింది. సిలిండరు గోడకు ఒక వైపు పైనుంచి కిందిదాకా, వేలు పట్టేంత లోతున గాడి పడింది. పిస్టన్ పక్కనుంచి పిన్ను వేలి మందాన బయటికి పొడుచుకొచ్చింది. అటువైపు క్లిప్పు లేదు. వెతికితే, నలిగిన అల్యూమినియంలో పూడుకుపోయిన చిన్న తీగ ముక్క దొరికింది. సూదితో గుచ్చి తీసి, అరచేతిలో పెట్టుకున్నాడు. కొలవాల్సిన పని లేదు. అయినా మైక్రోమీటరు తీసి కొలిచాడు. పాత క్లిప్పు కొలతే.

బల్ల పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎవరో దాటిపోతూ, పిస్టన్లు పగిలాయా మేస్త్రీ అని అడిగారు. చూస్తున్నానన్నాడు. ఆ ముక్కను కాలువ జాలీలోంచి వదిలితే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది. చెయ్యి కూడా కొంచెం అటు జరిగింది. మళ్ళీ గుప్పిట మూసి, లేచి, చేతులు కూడా కడుక్కోకుండా మేనేజరు గది మెట్లెక్కాడు.

అంతా చెప్పాడు. క్లిప్పు ఎగిరిపోవడం, పాతది పెట్టడం, వదులని తెలిసీ ఊరుకోవడం. పిస్టన్ల తప్పేం లేదనీ, ఫోర్‌మన్ లెక్క సరిగ్గానే ఉందనీ చెప్పాడు. తీగ ముక్కను బల్ల మీద పెట్టాడు. మేనేజరు దాన్ని ముట్టుకోలేదు. దాని కింద ఒక కాగితం జరిపాడు, బల్లకు నూనె అంటకుండా. నిట్టూర్చాడు.

"అతన్ని తీసింది ఇంజను ఆగిందని కాదు మేస్త్రీ. కమీషన్ గురించి. ఆ మాట నీదే. ఇప్పుడు దానికేమంటావు?"

మేస్త్రీ నోరు తెరిచాడు. ఆ మాట కూడా ఉత్తిదేనని, కోపంలో అన్నదని చెప్పాలని. కానీ మేనేజరు ఆగలేదు. పై వాళ్ళకు రిపోర్టు వెళ్ళిపోయిందన్నాడు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే విచారణ చేయకుండా మనిషిని తీసేశానని తన మీదికొస్తుందన్నాడు. క్లిప్పులు జారుతూనే ఉంటాయి, పెద్దవాడివి, దీన్నింతటితో వదిలెయ్యి అన్నాడు. సోమవారం నుంచి షెడ్డు పని నువ్వే చూసుకోవాలి, వేరే ఎవరున్నారు అని కూడా అన్నాడు. తీగ ముక్కను కాగితంతో సహా మడిచి చెత్తబుట్టలో వేశాడు.

మెట్లు దిగి షెడ్డులోకి వచ్చాక గాని, కమీషన్ మాట గానీ, షెడ్డు పని గానీ తను కాదని అనలేదన్న సంగతి మేస్త్రీకి తట్టలేదు.

ఆదివారం భార్యతో కలిసి మరదలి ఇంటికి వెళ్ళాడు. క్లిప్పు సంగతీ, మేనేజరు అప్పగించిన పని సంగతీ బుధవారమే భార్యకు చెప్పాడు. ఆమె అంతా విని, వాళ్ళకు చెప్పండి అంది. అంతకంటే ఇంకేమీ అనలేదు. ఆ నాలుగు రోజులూ అన్నం వడ్డించి పక్కకు వెళ్ళిపోయింది.

ఇల్లంతా మూటలుగా ఉంది. మంచం విప్పి గోడకు ఆనించారు. ఫోర్‌మన్ నేల మీద కూర్చుని పుస్తకాలు తాడుతో కడుతున్నాడు. గడ్డం పెరిగి వారంలో పదేళ్ళ పెద్దవాడిలా కనబడ్డాడు. "రా అన్నయ్యా," అని పక్కకు జరిగి చోటిచ్చాడు. మేస్త్రీ కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే, గోడ మీద మేకు వంక చూస్తూ, మేనేజరుకు చెప్పినట్టే చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. వదులని తెలిసీ ఊరుకున్నానన్నాడు. నీ మీద కోపంతో అన్నాడు.

ఫోర్‌మన్ చేతిలో తాడు వదులైంది. మేస్త్రీ దెబ్బకు సిద్ధపడ్డవాడిలా భుజాలు బిగబట్టాడు.

"మిగతా అయిదూ ఎలా ఉన్నాయి?" అని అడిగాడు ఫోర్‌మన్.

"ఏం?"

"మిగతా అయిదు సిలిండర్లు. రాడ్లేమైనా సాగాయా?"

"లేదు. అద్దాల్లా ఉన్నాయి. రాడ్లకేం కాలేదు."

ఫోర్‌మన్ ముఖం ఎత్తాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి గాని నవ్వుతున్నాడు. అయితే నా లెక్క తప్పలేదన్నమాట అన్నాడు. వారం నుంచీ కన్ను మూస్తే అవే అంకెలని, ఎక్కడ తప్పానా అని కాగితాలన్నీ నలిపేశానని చెప్పాడు. నలభై మందిని చంపబోయానేమో అనుకున్నానన్నాడు. లేచి వచ్చి మేస్త్రీ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ రోజు అందరి ముందూ అలా అన్నందుకు తనే క్షమాపణ చెప్పాలని టీ పట్టుకుని వచ్చాననీ, నోరు రాలేదనీ అన్నాడు. మేస్త్రీ ఆ చేతులు విడిపించుకోవాలనుకున్నాడు. అవి గట్టిగా పట్టుకున్నాయి.

మరదలు కాఫీ తెచ్చింది. గ్లాసులన్నీ మూట కట్టేయడంతో పిల్లల చిన్న గ్లాసుల్లో తెచ్చింది. ఆమె కూడా అంతా వింది. బావకు కాఫీ అందిస్తూ, తడి ముఖం మోచేతితో తుడుచుకుంది.

"క్లిప్పు ఎవరికైనా జారుతుంది బావా. కోపంలో ఊరుకున్నారు, ఒప్పుకున్నారు. క్లిప్పుకి మనిషిని తీసెయ్యరు. దొంగ అంటేనే తీసేస్తారు. మా ఆయన్ని దొంగ అన్నవాడున్నాడే, వాడి గురించే నా బాధ."

మేస్త్రీ గ్లాసు పట్టుకున్నాడు. భార్య తలుపు దగ్గర, చెల్లెలి మూటల మధ్య నిలబడి ఉంది. అతను ఆమె వంక చూశాడు. ఆమె అప్పటికే అతని వంక చూస్తోంది.

"ఎవడో తెలిసిందా?" అన్నాడు.

లేత్ ఆయనే అయి ఉంటాడంది మరదలు. అతనికి మొదటి నుంచీ కన్నుకుట్టు అంది. పోనీలే, ఎవడైతే ఏం, ఇంక ఏ షెడ్డుకు వెళ్ళినా ఆ పేరు ముందే వెళ్ళి కూర్చుంటుంది అన్నాడు ఫోర్‌మన్, మళ్ళీ పుస్తకాల ముందు కూర్చుంటూ. రెండు చోట్ల అడిగాడట. రెండు చోట్లా మళ్ళీ చెబుతామన్నారట.

"ఇంతమందిలో మీరొక్కరే వచ్చి ఉన్నదున్నట్టు చెప్పారు బావా," అంది మరదలు. "అది చాలు మాకు. తాగండి, చల్లారిపోతుంది."

అతను తాగాడు. రెండు గుక్కలకే అయిపోయింది. ఖాళీ గ్లాసు చేతిలో పెట్టుకుని, ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. మరదలు గ్లాసు తీసుకుని వెళ్ళింది. ఫోర్‌మన్ తాడు ముడి దగ్గర వేలు పెట్టి పట్టుకోమన్నాడు. అతను వంగి వేలు పెట్టాడు. ముడి బిగిసింది. ఇంకో కట్ట, ఇంకో ముడి. లారీ వచ్చిందని ఎవరో కేకేశారు. ఆ తర్వాత మూటలు మోయడంతో సరిపోయింది. అందరికంటే బరువైనవి మేస్త్రీయే మోశాడు.

తిరిగి వస్తుంటే ఎండ ఇంకా దిగలేదు. బస్ స్టాపు దాకా భార్య నాలుగడుగులు ముందు నడిచింది. అతను పక్కకు చేరబోతే ఆమె నడక పెరిగింది. స్టాపులో నీడకు నిలబడ్డాక అంది.

"ఒకటి చెప్పారు కదా, రెండోది కూడా చెప్తారనుకున్నాను."

"చెప్పబోయాను."

"లేదు," అంది.

కోపంగా అనలేదు. కొట్లో సరుకు అడిగితే లేదన్నంత మామూలుగా అంది. కాసేపయ్యాక, నేను చెప్పనులెండి, అది నా చెల్లెలు, ఈ మాట విన్న తర్వాత ఎలా బతుకుతుందో నేను చూడలేను అంది. మీరు సోమవారం వెళ్ళి ఫోర్‌మన్ కుర్చీలో కూర్చోండి అంది. వెళ్ళనని అతనంటాడేమోనని ఒక్క క్షణం ఆగింది. దూరంగా బస్సు వస్తోంది. మేస్త్రీ దాని ఇంజను చప్పుడు వింటున్నట్టు తల వంచుకున్నాడు.

బస్సు సగం ఖాళీగా ఉంది. ఆమె ముందెక్కి, ఒక్కరికే సరిపోయే సీటు చూసుకుని కిటికీ పక్కన కూర్చుంది.